పాచికలు వేసి గీసిన కొండ



కిందటి నెల ఈ పేజీలో తేనెపట్టు గురించి చెప్పుకున్నాం. తేనెటీగలు కట్టే గదులు ఆరేసి పలకలతో, ఒకదాని పక్కన ఒకటి అచ్చు పోసినట్టు ఉంటాయని చూశాం. ఈ నెల చెప్పబోయేది దానికి పూర్తిగా ఎదురు సంగతి. కొండ ఉన్నది, దానికి పలకలూ లేవు, కొలతలూ లేవు. మబ్బు ఉన్నది, దానికి ఒక ఆకారమంటూ లేదు. మంట ఉన్నది, అది ఈ క్షణాన ఉన్నట్టు మరుక్షణాన ఉండదు. ఇటువంటి వాటి బొమ్మలను, లెక్కలు తప్ప మరేమీ తెలియని కంప్యూటర్ చేత ఎలా గీయించగలిగారు? ఇదీ ఈ నెల ప్రశ్న.

ముందుగా మీరొక పని చెయ్యండి. పత్రిక పక్కన పెట్టి, ఒక కాగితం మీద కొండ బొమ్మ గియ్యండి.

గీశారా? మీరేం గీశారో నేను చూడకుండానే చెబుతాను. మూడు శిఖరాలు, మూడూ ఇంచుమించు ఒకే ఎత్తు. రెండు శిఖరాల నడుమ సగం సూర్యుడు. ఆయన చుట్టూ కిరణాలు. అవునా? ఇందులో మీ తప్పేమీ లేదు. నేను బడిపంతులుగా పనిచేసినన్నాళ్ళూ పిల్లలంతా అలాగే గీశారు. నేను చిన్నప్పుడు గీసిందీ అదే.

అయితే ఒక్క పిల్లవాడు మాత్రం అలా గియ్యలేదు. అది 1986వ సంవత్సరం. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఐదో తరగతి పిల్లలకు కొండ బొమ్మ గియ్యమని చెప్పాను. ఆ పిల్లవాడు కిటికీలోంచి కనిపించే ఊరి కొండను మాటిమాటికీ చూస్తూ గీశాడు. వాడి కొండ ఎడమ పక్క నెమ్మదిగా లేచి, మధ్యలో కొంచెం ఆగి, మళ్ళీ పైకి ఎక్కింది. పైన రెండు శిఖరాలున్నాయి గాని, రెండూ ఒక ఎత్తు కావు. కుడి పక్క మాత్రం కొండ ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. గీత నిండా వంకరలు. సూర్యుడు లేనే లేడు. నేను ఎర్రసిరాతో, "గీత శుభ్రంగా లేదు" అని రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. స్కేలు పెట్టి మూడు శిఖరాలు గీసినవాడికి తొమ్మిది వేశాను. ఆ పిల్లవాడు ఏమీ అనలేదు. కాగితం తీసుకుని, ఒకసారి కిటికీ వైపు చూసి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానో చివరకు మీకే తెలుస్తుంది.

*

మూడు శిఖరాల కొండ చూడగానే అది బొమ్మ అని తెలిసిపోతుంది. ఎందుకని? ముగ్గు ఎంత సమంగా ఉంటే అంత అందంగా ఉంటుంది. కొండ అలా కాదు. సమంగా ఉన్నదంటే ఎవరో చేసినట్టు అనిపిస్తుంది. ఇంకొక కారణం కూడా ఉన్నది. కొండను దూరం నుంచి చూస్తే వంకరలు కనబడతాయి. దగ్గరికి వెళ్ళి ఆ వంకరల్లో ఒకదాన్ని చూస్తే, దానిలో ఇంకా చిన్న వంకరలుంటాయి. కొండ మీది రాయి ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే, అదే ఒక చిన్న కొండలాగా కనిపిస్తుంది. స్కేలు పెట్టి గీసిన గీతను ఎంత దగ్గరగా చూసినా గీతే. కొండను ఎంత దగ్గరగా చూస్తే అన్ని కొత్త వంకరలు.

ఈ విషయం మీద చాలాకాలం ఆలోచించిన గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్. ఆయన 1924లో పోలండు దేశంలో పుట్టి, ఫ్రాన్సులో చదువుకుని, అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేశాడు. 1967లో ఆయన ఒక వ్యాసం రాశాడు. అందులోని ప్రశ్న చూస్తే చంటిపిల్లల ప్రశ్నలాగా ఉంటుంది: బ్రిటన్ సముద్రతీరం పొడవెంత?

భూగోళం పుస్తకంలో ఉంటుంది కదా అంటారేమో. కాని ఆలోచించి చూడండి. చాలా పొడుగైన కర్రతో కొలిస్తే, అది చిన్న చిన్న మలుపులన్నిటినీ దాటేస్తుంది. పొట్టి కర్రతో కొలిస్తే, అది ప్రతి మలుపులోకీ పోయి వస్తుంది, పొడవు పెరుగుతుంది. జానెడు పుల్లతో కొలిస్తే ఇంకా పెరుగుతుంది. కొలిచే కర్ర పొట్టిదైన కొద్దీ తీరం పొడుగవుతూనే ఉంటుంది! లూయిస్ రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ వింతను అంతకు ముందే గమనించి లెక్కలు కట్టి పెట్టాడు. మాండెల్‌బ్రాట్ దాని అర్థం విప్పి చెప్పాడు. ఇలా ఎంత దగ్గరగా చూసినా వంకరలు తరగని ఆకారాలకు ఆయన 1975లో 'ఫ్రాక్టల్' అని పేరు పెట్టాడు. విరిగినది అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది.

*

ఇక్కడి నుంచి కథ సియాటిల్ నగరానికి పోతుంది. అది అమెరికాలో పడమటి తీరాన ఉన్నది. 1970ల చివర, అక్కడ విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీలో లారెన్ కార్పెంటర్ అనే ఆయన పనిచేస్తూ ఉండేవాడు. కంప్యూటర్ చేత విమానాల బొమ్మలు గీయించటం ఆయన పని. విమానం గీయటం కష్టమే అయినా సాధ్యమే. ఏమంటే, దాని రెక్క ఎంతో, తోక ఎంతో కొలతలుంటాయి. కాని విమానం వెనక కొండలుంటే బాగుంటుందని ఆయనకు తోచింది. కొండకు కొలతలెవరిస్తారు? ప్రతి రాయీ, ప్రతి గుంటా ఎక్కడున్నదో మనిషి కూర్చుని చెప్పాలంటే ఒక జన్మ చాలదు.

ఆ సమయంలో, మాండెల్‌బ్రాట్ 1977లో ప్రచురించిన పుస్తకం ఆయన చదివాడు. చదివి, ఒక ఉపాయం పన్నాడు. కొండను మనిషి వర్ణించనక్కర్లేదు. నాలుగైదు పెద్ద బిందువులు మాత్రం మనిషి ఇవ్వాలి. మిగిలిన వంకరలన్నీ పాచికలు వేసుకుని కంప్యూటరే తెచ్చుకుంటుంది!

1980లో సియాటిల్‌లోనే కంప్యూటర్ బొమ్మల నిపుణులందరూ కలిసే పెద్ద సభ జరిగింది. అక్కడ కార్పెంటర్ రెండు నిమిషాల సినిమా ఒకటి చూపించాడు. దాని పేరు 'వోల్ లిబ్ర్'. ఫ్రెంచి భాషలో, స్వేచ్ఛగా ఎగరటం అని అర్థం. చూసేవారు పక్షిలాగా కొండల మీదుగా ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. అందులో ఒక్క కొండ కూడా భూమి మీద లేదు.

ఆనాటి కంప్యూటర్‌కు ఆ సినిమాలో ఒక్కొక్క బొమ్మ గీయటానికి 20 నుంచి 40 నిమిషాలు పట్టేది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కావాలి. ఆ చొప్పున రెండు నిమిషాలకు ఎన్ని బొమ్మలు? 2880. ఒక్కొక్కటి 20 నిమిషాలే అనుకున్నా, మొత్తం 960 గంటలు, అనగా పగలూ రాత్రీ ఆగకుండా 40 రోజులు! లెక్క సరిచూసుకోండి.

*

ఆ పాచికల ఉపాయం మనం కూడా చేసి చూద్దాం. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక గ్రాఫు కాగితం, పెన్సిలు, లూడో ఆటలో వేసే పాచిక, ఒక రూపాయి బిళ్ళ ఉంటే చాలు.

కాగితం అడుగున 16 సెంటీమీటర్ల పొడవు గీత గియ్యండి. అది నేల. రెండు కొసలా ఎత్తు సున్న. ఆట నియమం ఇది: గీతకు సరిగ్గా మధ్య బిందువు తీసుకోవాలి. బిళ్ళ ఎగరవెయ్యాలి. బొమ్మ పడితే ఆ బిందువు పైకి జరుగుతుంది, బొరుసు పడితే కిందికి జరుగుతుంది. ఎంత జరగాలో పాచిక చెబుతుంది.

మొదటి వరసలో పాచిక మీద పడిన అంకెను 8తో గుణించి, అన్ని మిల్లీమీటర్లు జరపాలి. నేను వేస్తే బొమ్మ పడింది, పాచిక 5. అంటే 40 మిల్లీమీటర్లు పైకి. కనక, నడుమ 8వ సెంటీమీటర్ దగ్గర ఎత్తు 40. ఇప్పుడు మన కొండ ఇంటి కప్పులాగా ఉన్నది.

రెండో వరసలో 8కి బదులు 4తో గుణించాలి. ఇప్పుడు గీతలు రెండు, మధ్య బిందువులూ రెండు. ఎడమ గీత కొసల ఎత్తులు 0, 40. వాటి సగటు 20. బొరుసు పడింది, పాచిక 3. 12 తగ్గించాలి, మిగిలింది 8. కుడి గీతకు కూడా సగటు 20. బొమ్మ పడింది, పాచిక 6. 24 కలపాలి, మొత్తం 44. చూశారా తమాషా? నడుమ ఉన్న 40 శిఖరమనుకున్నాం. ఇప్పుడు దానికంటే ఎత్తయినది పక్కన లేచింది!

మూడో వరసలో 2తో గుణించాలి. ఇప్పుడు నాలుగు గీతలు. నాకు వరసగా బొమ్మ 2, బొరుసు 4, బొరుసు 5, బొమ్మ 1 పడినై. లెక్కవేస్తే ఆ నాలుగు చోట్లా ఎత్తులు 8, 16, 32, 24 అయినై. ఎడమ నుంచి కుడికి, రెండేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, ఎత్తులన్నీ ఇవి: 0, 8, 8, 16, 40, 32, 44, 24, 0. ఈ బిందువులను వరసగా కలపండి.

నాలుగో వరసలో 1తో గుణించాలి. ఎనిమిది గీతలకు ఎనిమిదిసార్లు వెయ్యాలి. అది మీరు పూర్తి చెయ్యండి. మొత్తం 1, 2, 4, 8 కలిపి పదిహేను సార్లు పాచిక వేస్తే కొండ తయారవుతుంది. మీ కొండ నా కొండలాగా ఉండదు. మీ చెల్లెలి కొండ మీ కొండలాగా ఉండదు. కాని చూసినవారెవరైనా మూడింటినీ కొండలనే అంటారు.

*

ఇందులో కిటుకు పాచికలో లేదు పిల్లలూ. 8, 4, 2, 1 అన్నామే, అక్కడున్నది.

నమ్మకం లేకపోతే, అన్ని వరసలలోనూ 8తోనే గుణిస్తూ ఆట మళ్ళీ ఆడండి. పక్కపక్క బిందువులు ఒకటి ఆకాశానికీ, ఒకటి పాతాళానికీ పోతాయి. వచ్చేది కొండ కాదు, పళ్ళూడిన రంపం. పోనీ, మొదటి వరస తరవాత పాచిక వెయ్యటం మానెయ్యండి. అప్పుడు వచ్చేది ఇంటి కప్పు. మొదటిది పాచికను పూర్తిగా వదిలెయ్యటం, రెండోది పూర్తిగా కట్టెయ్యటం. రెంటికీ మధ్య, పెద్ద వంకర పెద్దగానూ, చిన్న వంకర చిన్నగానూ ఉండేటట్టు పాచికకు కళ్ళెం వేస్తేనే కొండ వస్తుంది.

ఆ కళ్ళెం బిగువును బట్టి కొండ స్వభావం మారుతుంది. ప్రతి వరసలోనూ సగం చెయ్యటానికి బదులు ముప్పాతిక చేస్తే కొండ గరుకుగా, రాళ్ళు తేలినట్టు ఉంటుంది. నాలుగోవంతు చేస్తే నున్నగా దిబ్బలాగా ఉంటుంది. ఇలా ఎలా పడితే అలా పడే అంకెలను నియమంలో పెట్టి వాడుకోవటాన్ని పెద్ద తరగతులలో 'యాదృచ్ఛిక నమూనా' అంటారు. పేరుకు భయపడకండి. మీరిప్పుడు చేసింది అదే.

మన ఆటలో వచ్చింది కొండ అంచు మాత్రమే. కార్పెంటర్‌కు కొండ మొత్తం కావాలి. అందుచేత ఆయన గీతకు బదులు త్రిభుజం తీసుకున్నాడు. త్రిభుజం మూడు భుజాల మధ్య బిందువులను పాచిక ప్రకారం జరిపి, వాటిని కలిపితే ఒక త్రిభుజం నాలుగవుతుంది. ఆ నాలుగూ పదహారవుతాయి. పదహారూ అరవైనాలుగు. ఇలా పదిసార్లు చేస్తే ఒక్క త్రిభుజం 10,48,576 త్రిభుజాలవుతుంది! మనిషి ఇచ్చింది మూడు బిందువులే. కంప్యూటర్ పది లక్షల ముక్కల కొండను ఇచ్చింది.

ఇదే ఉపాయం ఆలెన్ ఫోర్నియే, డాన్ ఫసెల్ అనే ఇద్దరికి కూడా విడిగా తట్టింది. గొడవపడకుండా, 1982లో ముగ్గురూ కలిసి ఒకే వ్యాసంగా ప్రకటించారు. ఇది కూడా గుర్తుంచుకోదగిన సంగతే.

*

నేను ఈ కథంతా మా మనవడికి చెప్పాను. వాడు కొంతసేపు విని, "తాతయ్యా, నువ్వు చెప్పింది తప్పు," అన్నాడు.

తప్పు పట్టాడంటే శ్రద్ధగా విన్నాడన్నమాట! "ఏమిటిరా తప్పు?" అని అడిగాను.

"నేను ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆటలో కొండలుంటాయి. ఆట మొదలుపెట్టేటప్పుడు ఒక అంకె ఇవ్వచ్చు. నేనూ, వేరే ఊళ్ళో ఉన్న నా స్నేహితుడూ ఒకే అంకె ఇచ్చాం. ఇద్దరికీ కొండలు ఒకే చోట వచ్చినై, ఏరు కూడా అక్కడే వచ్చింది. పాచికలు వేస్తే ఇద్దరికీ ఒకటే ఎలా పడుతుంది?" అన్నాడు వాడు.

చాలా మంచి ప్రశ్న. ఆ అంకెను 'సీడ్' అంటారు. విత్తనం అని అర్థం. సంగతేమంటే, కంప్యూటర్ లోపల నిజమైన పాచిక వెయ్యరు. పాచికలాగా నటించే లెక్క ఒకటి చేస్తారు. అటువంటి లెక్క మీకొకటి చెబుతాను. ఒక అంకె తీసుకోండి. దాన్ని 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి, శేషం రాసుకోండి. ఆ శేషంతో మళ్ళీ అదే లెక్క చెయ్యండి. 7తో మొదలుపెడితే ఇలా వస్తుంది:

7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, మళ్ళీ 7.

లెక్క తెలియనివాడికి చూపిస్తే, ఎలా పడితే అలా రాసిన అంకెలనుకుంటాడు. కాని 7తో మొదలుపెడితే ఎవరికైనా, ఎప్పుడైనా, ఏ ఊళ్ళోనైనా ఇవే అంకెలు ఇదే వరసలో వస్తాయి. విత్తనం ఒకటైతే చెట్టు ఒకటే. కంప్యూటర్లు వాడే లెక్కలు ఇంతకంటే ఎంతో పెద్దవి, అందుచేత వాటి అంకెలు ఇంత త్వరగా మొదటికి రావు.

ఇలా నటించే పాచికే సినిమాకు కావాలి కూడా. ఎందుకో చెప్పండి చూద్దాం. సినిమాలో ఒక బొమ్మ గీసేటప్పుడు ఒక రకంగా, తరవాతి బొమ్మకు మరొక రకంగా పాచికలు పడితే, కొండ కుతకుత ఉడుకుతున్నట్టు కదిలిపోతుంది. పక్షి ఎంతసేపు ఎగిరినా కొండ అదే కొండ కావాలి కదా! ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పక్కపక్కన ఉన్న రెండు త్రిభుజాలకు భుజం ఒకటే. పక్క పొలాలకు గట్టు ఒకటే అయినట్టు. ఒక త్రిభుజం ఆ గట్టును పైకి జరిపి, రెండోది కిందికి జరిపితే కొండ పగిలిపోతుంది. అందుచేత ప్రతి గట్టుకూ దాని పాచిక అంకె ఒకటి ఏర్పాటు చేస్తారు. ఎటు నుంచి వచ్చి అడిగినా అదే అంకె చెబుతుంది.

మా మనవడు ఇది విని, 7కి బదులు 10తో మొదలుపెట్టి లెక్క చేశాడు. ఏమి వచ్చిందో మీరూ చేసి చూడండి.

*

కొండల తరవాత మిగిలినవి ఒక్కొక్కటే లొంగినై. కార్పెంటర్‌ను సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్ కంపెనీవారు తమ దగ్గర ఉద్యోగంలోకి తీసుకున్నారు. 1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్' రెండో సినిమాలో ఒక నిమిషం పాటు ఒక దృశ్యం ఉన్నది. జీవం లేని ఒక గ్రహం మీద మంట అంటుకుని చుట్టూ వ్యాపిస్తుంది. తరవాత కొండలు లేస్తాయి, సముద్రాలు ఏర్పడతాయి. ఆ దృశ్యం మొత్తం కంప్యూటర్‌తో గీసిందే. కొండలు కార్పెంటర్‌వి, మంట విలియం రీవ్స్ అనే ఆయనది.

మంటకు అంచు లేదు గనక త్రిభుజాలు పనికిరావు. రీవ్స్ మంటను లెక్కలేనన్ని నిప్పురవ్వలుగా తీసుకున్నాడు. ప్రతి రవ్వా ఎక్కడ పుట్టాలి, ఎటు పోవాలి, ఎంత వేగంతో పోవాలి, ఎంతసేపు వెలిగి ఆరిపోవాలి, అంతా పాచికే చెబుతుంది. కాని ఇక్కడా కళ్ళెం ఉన్నది. వేగం ఇంతకు తగ్గకూడదు, అంతకు మించకూడదు అని హద్దులుంటాయి. ఒక్క రవ్వను చూస్తే దానికి తలా తోకా లేదు. లక్షల రవ్వలు కలిస్తే మంట. ఈ పద్ధతిని ఆయన 1983లో ప్రకటించాడు.

కెన్ పెర్లిన్ అనే మరొకాయన 1982 నాటి 'ట్రాన్' సినిమాకు పనిచేశాడు. కంప్యూటర్ బొమ్మలన్నీ మరీ నున్నగా, యంత్రంలో పోసినట్టు ఉన్నాయని ఆయనకు అసంతృప్తి కలిగింది. పాచిక అంకెలను గళ్ళ కాగితం మీద మూలమూలకూ పెట్టి, మధ్యలో ఒకదాని నుంచి ఇంకొకదానికి మెత్తగా జారేటట్టు చేశాడు. దాని మీద ఇంకా చిన్న గళ్ళతో అదే చేసి కలిపాడు. దానితో పాలరాతి చారలు, మబ్బులు, పొగ, అన్నీ గియ్యటం వీలైంది. ఈ పనికి 1997లో ఆయనకు ఆస్కార్ బహుమతులిచ్చే అకాడమీవారు సాంకేతిక బహుమతి ఇచ్చారు. పెద్ద వంకర మీద చిన్న వంకర, దాని మీద ఇంకా చిన్నది. మన 8, 4, 2, 1 గుర్తుకు వస్తున్నదా?

*

ఇంత చెప్పిన తరవాత ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చూడటానికి కొండలాగా ఉన్నంత మాత్రాన, కొండ అలా పుట్టిందని అనుకోకూడదు. నిజమైన కొండను భూమి లోపలి బలాలు ఎత్తుతాయి. ఎండా, గాలీ, వానా అరగదీస్తాయి. వాన నీరు చిన్న కాలువలై, కాలువలు కలిసి వాగులై, కొండను కోసుకుంటూ పోతాయి. పాచికల కొండలో ఆ వాగులు ఉండవు. గుంటలున్నా, వాటి నుంచి నీరు బయటికి పోయే దారి ఉండదు. మాండెల్‌బ్రాట్ కూడా ఈ పద్ధతిలో ఒక లోపం ఎత్తి చూపాడు. మొదట వేసిన పెద్ద గీతల జాడలు కాగితం మడతల్లాగా చివరి దాకా కనబడతాయని అన్నాడు. 1989లో మస్‌గ్రేవ్, కోల్బ్, మేస్ అనే ముగ్గురు పాచికల కొండ మీద లెక్కలతోనే వాన కురిపించి, నీటి చేత మట్టిని కోయించి చూపారు. అప్పుడు దానికి వాగులు వచ్చినై.

కనక, పాచిక కంటికి పనికివచ్చే కొండను ఇస్తుంది. కొండ కథ తెలుసుకోవాలంటే భూగోళం చదవాలి.

*

ఇక మొదట చెప్పిన సంగతికి వస్తాను.

ఈ పేజీ రాయటానికి ముందు, పైన చెప్పిన ఆట నేనే వరండాలో కూర్చుని ఆడాను. బిందువులన్నీ కలిపాను. ఎడమ పక్క నెమ్మదిగా లేచి, మధ్యలో కొంచెం ఆగి, మళ్ళీ పైకి ఎక్కింది. పైన రెండు శిఖరాలు, రెండూ ఒక ఎత్తు కావు. కుడి పక్క ఒక్కసారిగా దిగిపోయింది. ఈ గీతను ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడ చూశానో తెలిసేసరికి చేతిలో పెన్సిలు కింద పెట్టేశాను.

నేను పదికి నాలుగు వేసిన బొమ్మకు నాలుగేళ్ళ ముందే, పెద్ద పెద్ద పండితులు అటువంటి గీత ఎలా గియ్యాలో వ్యాసం రాశారు. నాకు తెలియదు. కాని తెలియకపోవటం నా తప్పు కాదు. కిటికీలో కొండ ఉన్నది, నేను తల తిప్పి చూడలేదు. అదీ నా తప్పు.

ఆ పిల్లవాడికి పాచికలు అక్కర్లేకపోయింది, ఏమంటే వాడు చూసి గీశాడు. పాచికలు ఎన్నిసార్లు వేసినా ఏదో ఒక కొండ వస్తుంది గాని, మా ఊరి కొండ రాదు. ఆ కొండ వాడి కాగితం మీద ఉన్నది. వాడికి ఇప్పుడు యాభై ఏళ్ళు దగ్గర పడుతూ ఉంటాయి. వాడి పిల్లలెవరైనా ఈ పత్రిక చదువుతూ ఉంటే, మీ నాన్నగారితో ఈ మాట చెప్పండి: మాస్టారు మార్కులు దిద్దారు. పదికి పది.

ఇప్పుడు మీకు పని. ఒకటి: నాలుగో వరస పాచికలు వేసి మీ కొండ పూర్తి చెయ్యండి. రెండు: మొదట గీసిన మూడు శిఖరాల కొండ పక్కన దాన్ని పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించి, ఏది నిజమైన కొండలా ఉన్నదో అడగండి. మూడు: మీకు కనబడే కొండో, గుట్టో, చెట్టో, అది లేకపోతే మబ్బో ఒకటి ఎంచుకుని, పది నిమిషాలు చూసి, ఆ తరవాత గియ్యండి. నాలుగు: 7తో మొదలుపెట్టిన అంకెల వరసను మళ్ళీ ఒకసారి జాగ్రత్తగా చూడండి. అందులో ఒక లోపం ఉన్నది. నిజమైన పాచిక అలా ఎన్నడూ పడదు. అది ఏమిటో కనిపెట్టండి. జవాబు వచ్చే నెల చెబుతాను.